కాడికి జోడు కుదుర్చుట



నేను ముచ్చటింపదలచిన విషయము క్రొత్తది కాదు. ఒక పశువునకు మఱియొక పశువును జతగా ఎట్లు ఎన్నుకొనవలెను, ఎన్నుకొన్న పిమ్మట ఆ రెండింటికిని పొత్తు ఎట్లు కలిగింపవలెను అనునదే నా ప్రసంగము. మా పామర్రు చుట్టుపట్టుల ఒకప్పుడు ఏ అరుగుమీద నలుగురు చేరినను ఈ మాట రాకుండ ప్రొద్దు గడచెడిది కాదు. ఇప్పుడు దమ్ముచక్రములు తగిలించుకొని ట్రాక్టరు పొలములోనికి దిగుచున్నది. కోతకును నూర్పునకును యంత్రములే వచ్చినవి. మీలో అనేకుల ఇండ్లలో కాడి అటకమీదికి ఎక్కి చాల ఏండ్లైనది. అట్లయినచో ఈ ప్రసంగ మెందులకని మీరడుగవచ్చును.

ఎడ్లు తగ్గినవి గాని బొత్తిగా పోలేదు. రెండెకరములు, మూడెకరములు గల రైతు అక్కడక్కడ ఇంకను కాడి కట్టుచున్నాడు. గుడివాడ ప్రాంతమున సంక్రాంతి పందెములకై ఒంగోలు గిత్తలను బిడ్డలవలె పెంచువారున్నారు. వీరిలో పలువురు చిన్న వయస్సువారు. పశువును కొనుటకు వారికి ధనమున్నది. చూచి ఎఱుగుటకు కన్ను చాలదు. ఆ కన్ను మీవంటి పెద్దలయొద్ద నున్నది. అది మీతోనే పోవుట నాకిష్టము లేదు. ఇంకొక కారణము కూడ కలదు. ఎడ్లు లేని ఇంట సయితము పెరటిలో ఒక్క గేదె కట్టివేయబడి యున్నది. దాని సంగతి చివర చెప్పెదను.

మొదట పశువు స్వభావమును గూర్చి రెండు మాటలు. ఎద్దు మందలో పుట్టి మందలో బ్రతుకు జాతికి చెందినది. పశుజాతికి పూర్వులైన అడవియెడ్లు నేడు లోకములో లేవు. వానిలో కట్టకడపటిది 1627వ సంవత్సరమున పోలండు దేశమున చచ్చినది. అడవి పోయినను అడవినాటి భయము పోలేదు. మందనుండి తప్పిన పశువు క్రూరమృగముల వాతబడును. కాబట్టి ఒంటరితనమే దానికి ఆపదగా తోచును. మీరు ఒక ఎద్దును కొట్టములో విడిచి రెండవదానిని తోలుకొనిపోయినప్పుడు లోపలిది పలుపు తెంచుకొనజూచి అఱచుట వినియే యుందురు. ఆ అఱపు మేతకొఱకు కాదు. ఇంగ్లండులోని నార్తాంప్టన్ విశ్వవిద్యాలయమువారు ఈ విషయమును పరీక్షించిరి. ఒక పశువును ఒకసారి ఎఱిగిన తోడుతోను, మఱియొకసారి ఎఱుగని పశువుతోను విడిగా నుంచి గుండె కొట్టుకొనుట లెక్కించిరి. ఎఱిగిన తోడు ప్రక్కనున్నప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకొన్నది. మన తాతలు యంత్రము లేకయే చెప్పిన మాట ఇదియే.

ఇది పెద్ద పశువులకే చెందిన సంగతి కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ మొదలగు కొండసీమలలో వేల ఏండ్లనుండి ఇండ్లలో పెరుగుచున్న గినీ పంది అను చిన్న జంతువు కలదు. పేరునకు పందియే గాని అది పంది కాదు. ఎలుక, ఉడుతలవలె కొఱికి తిను జాతిలోనిది. పాశ్చాత్యులు దానిని ఇండ్లలో ముద్దునకై పెంచుదురు. స్విట్జర్లాండు దేశమువారు 2008వ సంవత్సరమున అమలులోనికి తెచ్చిన నిబంధనలలో ఆ జంతువును ఒంటరిగా నుంచరాదని శాసించిరి. ఒకటి చచ్చినచో మిగిలినదానికి తోడు తేవలసినదే. అక్కడివారు తోడు కుదుర్చు పద్ధతి విన్నప్పుడు నాకు మన పశువులకొట్టమే జ్ఞాపకమునకు వచ్చినది. రెండు మగవానిని ఇరుకు చోట నుంచినచో పోట్లాడును. విత్తు తీసిన మగదానిని ఆడదానితో నుంచినచో నెమ్మదిగా నుండును. తొలి కలయిక రెండింటికిని క్రొత్తదైన చోట జరుగవలెను. ఒడిలో ఇముడు ప్రాణికిని, కాడి మోయు ఎద్దునకును న్యాయ మొక్కటియే యగుట వింత గదా!

ఇక ఎన్నిక. సంతకు పోయిన రైతు మొదట రంగు చూచును. మైలకు మైల, పుల్లకు పుల్ల, తెలుపునకు తెలుపు కావలెనని పట్టుపట్టును. పెండ్లి బండికి రంగు కుదిరినచో చూపునకు సొంపుగనే యుండును. కాని రంగు కాడిని మోయదు. సుడులు చూచువారు మఱికొందఱు. ఈ సుడి ఇల్లాలికి కీడు, ఆ సుడి యజమానునికి మేలు అని చెప్పి మంచి పశువును చౌకగా కొట్టుకొనిపోవు బేరగాండ్రను నేను చూచియున్నాను. వెండ్రుక యేవైపు తిరిగినదో చూచుటకు వెచ్చించు ప్రొద్దులో సగము దాని కాలిగిట్టలు చూచుటకు వెచ్చించినచో మేలు.

వయస్సు పండ్లవలన తెలియును. పశువునకు ముందుపండ్లు క్రింది దవడకే యుండును. పై దవడ బోసి. రమారమి రెండు, రెండున్నర ఏండ్లకు నడిమి పాలపండ్లు రెండు రాలి పెద్దపండ్లు వచ్చును. మూడేండ్ల పైమాటకు నాలుగు, నాలుగేండ్ల ప్రాంతమున ఆఱు, అయిదేండ్లకు ఎనిమిదియు నిండును. మన దేశవాళి పశువులకు ఇది కొంత ఆలస్యము కావచ్చును. రెండు పండ్ల కోడెకు కడపండ్ల ఎద్దును శాశ్వతముగా జత కట్టరాదు. కోడెకు ఎముకలు ముదరలేదు. పెద్దదానితో సమముగా లాగబోయి మూపు చెడగొట్టుకొనును. నాలుగేండ్లు గడచి ఇది బలియునప్పటికి అది ముసలిదగును. బండలాగుడు పందెములలో పాలపండ్లవి, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆఱు పండ్లవి అని విభాగము లేర్పఱచుటలోని న్యాయము కూడ ఇదియే. పందెపు మైదానమున పండ్లు చూపించుటకు ఒప్పుకొనువారు సంతలో నోరు తెఱచి చూడ మఱచుట నాకు ఆశ్చర్యముగా నుండును.

ఎత్తు చూచునపుడు మూపురము కొననుండి కొలువవద్దు. మూపురమునకు ముందు, కాడి ఆను చోటు నేలకెంత యెత్తున నున్నదో కొలువుడు. ఆ చోట రెండంగుళముల తేడా వచ్చెనా, కాడి యెప్పుడును ఒకవైపునకు ఒరిగియే యుండును. ఒరిగిన కాడి జారును. జారినది మెడను రాచును. రాచిన చోట పుండు పడును. ఆ పుండుమీద ఈగ వ్రాలిన పిమ్మట ఎంత సాధుపశువైనను కాడి చూచినంతనే తల విదలించును. అప్పుడు మనము దానిని పొగరుబోతని తిట్టుదుము.

రంగు, ఎత్తు, పండ్లు ఇవన్నియు కంటికి కనబడునవి. జోడునకు ప్రాణమువంటిది నడక. దీనిని చూచుటకు ఓపిక కావలెను. బేరగాడు పశువును పట్టుకొని పరుగెత్తించి చూపును. మీరు దానికి ఒప్పుకొనవలదు. ముకుత్రాడు వదులుగా పట్టి నూఱు గజముల దూరము దాని యిష్టమువచ్చిన వేగమున నడవనిచ్చి అడుగులు లెక్కింపుడు. ఇంటివద్దనున్న ఎద్దు అంత దూరమునే ఎన్ని అడుగులలో నడచునో మీకు ముందే తెలిసియుండవలెను. వెనుకకాలి గిట్ట ముందుకాలి గిట్ట విడిచిన జాడలో పడుచున్నదా, దాటి పడుచున్నదా, చేరకయే పడుచున్నదా చూడుడు. చేరకయే పడు ఎద్దు పొట్టియడుగుల ఎద్దు. దానిని పొడుగడుగుల ఎద్దుతో కట్టినచో ఒకటి యెప్పుడును లాగుకొనిపోవుచుండును, రెండవది యెప్పుడును వెనుకబడుచుండును. ముందుది అలసి పోవును. వెనుకదానికి చెర్నాకోల తప్పదు. చూచువారు ఒకటి మంచి ఎద్దు, ఒకటి సోమరి ఎద్దు అందురు. నిజమునకు రెండును మంచివే. వేఱువేఱు జతలలో కట్టియున్నచో రెండును పేరు తెచ్చుకొని యుండెడివి.

గుణము కూడ అట్లే. బెదురు ఎద్దునకు బెదురు ఎద్దును తేరాదు. లారీ హారను మ్రోగినప్పుడు ఒకటి అదిరినచో రెండవది నిలువవలెను. రెండును అదిరినచో బండి కాలువలో నుండును. మా సీమలో బాటలు చాలవఱకు కాలువగట్టుల వెంబడియే పోవునను సంగతి మీరెఱుగుదురు. నిబ్బరముగల ఎద్దు ప్రక్కన బెదురుది కొన్ని నెలలలో చక్కబడును. మందలో ప్రతి పశువునకును ఒక మెట్టు కలదు. ఒకటి ముందు త్రాగును, ఒకటి వెనుక త్రాగును. జతలోను ఒకటి కొంచెము పెత్తనము చేయునదై, రెండవది కొంచెము లొంగునదై యుండుట మేలు. రెండును పెత్తనమునకు పోవునవైనచో గాటివద్ద ప్రతిదినము కొమ్ములు తగులుకొనుచునే యుండును. విత్తులు కొట్టించిన ఎద్దుప్రక్కన విత్తుగల గిత్తను కట్టుట కూడ నాకు సమ్మతము కాదు. ఎదకు వచ్చిన ఆవు వాసన గాలిలో వచ్చిన నాడు గిత్త తన దారిని పోవును. ఎద్దు ఊరక మెడ నొప్పించుకొనును.

గుణమును సంతలో కనిపెట్టుట కష్టము. నిండుగా కనబడుటకై ఉప్పు పెట్టి కడుపునిండ నీరు త్రాగించి తెచ్చినవి, తోక మెలిపెట్టి చురుకు తెప్పించినవి అక్కడ నుండును. తువ్వాలు చాటున వ్రేళ్ళు పట్టుకొని ధర తేల్చుటకు ముందు ఒక గడియ దూరముగా కూర్చుండి ఆ పశువు ప్రక్క పశువులతో ఎట్లు మెలగుచున్నదో చూడుడు. ఇరుగుపొరుగు ఎడ్లు దగ్గఱకు వచ్చినప్పుడు చెవులు ముందుకు నిలిపి వాసన చూచునది మంచిది. తల వంచి కొమ్ము త్రిప్పునది పోట్లమారి. వెనుకకు నక్కునది దెబ్బలు తిన్నది. వీలైనచో అమ్మువాని ఊరికి పోయి కొట్టములోనే చూచుట అన్నిటికంటె మేలు. ఒకే ఇంట దూడలనాటినుండి కలిసి పెరిగిన కోడెలు రెండు దొరికినచో రంగు కలియకున్నను, ధర కొంత యెక్కువైనను విడువవద్దు. మనము నెలలు శ్రమపడి కుదుర్పవలసిన పని అక్కడ ముందే జరిగియున్నది.

ఒంటి ఎద్దును కొనునప్పుడు ఇంకొక ప్రశ్న అడుగుట మఱవరాదు: అది దాపలి ఎద్దా, వలపలి ఎద్దా? ఏండ్లతరబడి ఎడమవైపున నడచిన ఎద్దునకు తోడు ఎల్లప్పుడును కుడిప్రక్కననే యుండవలెను. కుడివైపున కట్టినచో అది తోడును వెదకుచు వెలుపలికి తల త్రిప్పును, కాడి వంకరపోవును. మీయొద్ద మిగిలినది దాపలిదైనచో వలపలిదానినే వెదకుడు. ప్రక్క మార్చి నేర్పుట అసాధ్యము కాదు గాని క్రొత్త తోడును, క్రొత్త ప్రక్కను ఒక్కసారి నేర్చుకొనుమనుట పశువునకు అన్యాయము.

బలములో కొంత తేడా యుండక తప్పదు. దానికి కాడియందే ఉపాయమున్నది. కాడి త్రాసుకోలవంటిది. నొగకు కాడిని కట్టు మోకు సరిగా నడుమ నున్నచో బరువు రెండింటికిని సమముగా పంచబడును. కట్టు ఏ యెద్దు దిక్కునకు జరిగిన బరువు ఆ యెద్దుమీద హెచ్చును. కట్టునుండి బలమైన ఎద్దు మెడకు 16 అంగుళములు, బలహీనమైనదాని మెడకు 20 అంగుళములు ఉండునట్లు జరిపితిమనుకొనుడు. అప్పుడు లాగవలసిన బరువు తొమ్మిది పాళ్ళలో అయిదు బలమైనదానిపైనను, నాలుగు రెండవదానిపైనను పడును. ఎద్దు రోజంతయు అలయకుండ లాగగల లాగుడు తన దేహపు బరువులో రమారమి పదియవ వంతు. అయిదు వందల కిలోల ఎద్దు యాబది కిలోలు, నాలుగు వందల కిలోల ఎద్దు నలుబది కిలోలు. పై లెక్క సరిగా ఈ జతకే తగియున్నది. ఇంతకు మించిన తేడాకు ఈ ఉపాయము పనికిరాదు. ఒక ఎద్దును ఒక దున్నపోతును కాడి కట్టి చూచినవారును లేకపోలేదు. దున్న అడుగు నెమ్మది. నల్లని తోలు, చెమట తక్కువ. ఎండ యెక్కిన పిమ్మట దానికి బురద కావలెను, ఎద్దునకు నీడ కావలెను. ఆ జత ఏ కట్టు మార్చినను కుదరదు.

ఇప్పుడు పొత్తు కుదుర్చు విధమునకు వత్తము. పశువును ఇంటికి తెచ్చిన నాడే పాతదాని ప్రక్కన కట్టివేయుట మన వాడుక. ఇది రెండు విధముల తప్పు. మొదటిది రోగభయము. గాలికుంటు సోకిన పశువునకు ఆ లక్షణములు పైకి వచ్చుటకు రెండు దినములు మొదలు రెండు వారములవఱకు పట్టవచ్చును. సంతలో నూఱు ఊళ్ళ పశువులు చేరును. కాబట్టి మూడు వారములు క్రొత్తదానిని వేఱు పాకలో, వేఱు తొట్టితో ఉంచుడు, టీకాలు వేయింపుడు, దానిని తాకిన చేతులు కడుగుకొనియే పాతదానివద్దకు పొండు. రెండవ తప్పు మర్యాదకు సంబంధించినది. పాత ఎద్దునకు ఆ కొట్టము, ఆ గుంజ, ఆ గాటి తన సొంతము. తన ఇంట పరాయిది నిలిచినచో అది ఊరకుండునా?

ఈ చిక్కునకు మా పెద్దవారి విరుగుడు కాలువరేవు. మూడు వారములు గడచిన పిదప రెండింటిని ఒకే ఉదయమున రేవునకు తోలుకొనిపోయి, ఎడముగా నిలిపి, ఒకే చేయి రెండింటిని కడుగవలెను. రేవు దేనికిని సొంతము కాదు. నీటిలో కాలు స్థిరముగా నిలువదు గనుక కొట్లాటకు బుద్ధి పుట్టదు. తడిసిన దేహములకు పాత వాసన తగ్గును. తిరిగి వచ్చునప్పుడు ప్రక్కప్రక్కగా నడిపించి తెచ్చి, కొట్టములో పాతదానిని గూడ దాని పాత గుంజకు కాక వేఱు చోట కట్టవలెను. మొదటి రెండు మూడు దినములు ముట్టె ముట్టెకు అందకుండ కట్టుడు. తరువాత ముట్టెలు అందునట్లు, కొమ్ములు అందకుండునట్లు పలుపు సవరింపుడు. మేత వేఱువేఱుగా వేయుడు. పచ్చి పిల్లిపెసర, జనుము దొరకు కాలమైనచో ఈ దినములలోనే వేయుడు.  కుడితి తొట్లు రెండుండవలెను. ఒక్క తొట్టియే పెట్టి ‘అవే సర్దుకొనును’ అనువారి ఇంటనే కొమ్ముగాయములు కనబడును.

నాకు తమ్మునివరుస యువకుడొకడు ఈ మధ్య వచ్చి అడిగెను: “అన్నయ్యగారూ, మాది చచ్చిపోయి పది రోజులైంది. మిగిలింది గడ్డి ముట్టడం లేదు. అమ్మేయమంటారా, ఉంచమంటారా?” అతని ఎద్దునకు తొమ్మిదేండ్లుండును. నేను వెంటనే బదులు చెప్పక దాని గిట్టలు, పండ్లు చూచితిని. ఇంకను మూడు నాలుగేండ్లు పని చేయగల పశువు. అటువంటిదానిని మేత ముట్టని స్థితిలో అమ్మినచో ధర రాదు. కొనువాడు దున్నుటకు కొనునని నమ్మకము లేదు. మొదట దానిని పొరుగువారి పశువులు కనబడు చోట కట్టుమంటిని. ఆకలి మరలిన పిదప జత వెదకుమంటిని. మఱియు తొమ్మిదేండ్లదానికి మూడేండ్ల కోడెను తేవద్దంటిని. నేర్పుట కొఱకు కొన్నాళ్ళు ముసలి ఎద్దుప్రక్కన కోడెను కట్టుట మంచిదే, ముసలిది పాఠము చెప్పును. కాని అది చదువే గాని సంసారము కాదు. ఏడెనిమిది ఏండ్ల వలపలి ఎద్దు, జత పోయి మిగిలినది, మఱియొక ఊర దొరకినది. రెండును తోడు పోయినవి గనుక ఒకదానినొకటి త్వరగా చేరదీసికొన్నవని ఆ యువకుడు నమ్ముచున్నాడు. నేను మాత్రము నడక కుదిరినదందును.

దివిసీమ పెద్దలకు ఈ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చి మనుష్యులతోపాటు పశువులను కట్టుకొయ్యలతో సహా ఈడ్చుకొనిపోయినది. మనుష్యులు పోయిన చోట ఎడ్లను గూర్చి మాటాడుట చిన్నతనమని ఎంచవద్దు. మరల సేద్యము సాగవలెనన్నచో ఆనాడు కాడి కట్టవలసియుండెను. కాడి కట్టుటకు ఏ జాతివో, ఏ ఊరివో, దొరకినవానినే జతపఱుపవలసియుండెను.

కాడి మోపు క్రమము చెప్పెదను. ఉదయపు చల్లని వేళ ఒట్టి కాడి మాత్రమే వేసి అరగంట నడిపింపుడు. నాలుగైదు దినములిట్లు జరిగిన పిదప ఒక తేలిక మొద్దును లాగింపుడు. తరువాత ఒట్టి బండి. పిమ్మట పాతిక వంతు బరువు, సగము బరువు. నాగలి ఆ తరువాత. దమ్ము అన్నిటికంటె కడపట. మన నల్లరేగడి బురదలో కాలు దిగబడినప్పుడు పశువునకు సహజముగనే భయము కలుగును. ప్రక్కదానిమీద నమ్మకము కలుగకముందు ఆ భయమును చూపినచో తప్పును ప్రక్కదానిమీదికే త్రోయును. ఈ దినములన్నియు తోలువాడొకడే యుండవలెను, అదలింపు మాటలు మారరాదు. మొదటి నెల చెర్నాకోల ఇంట వ్రేలాడదీయుడు. జతలో ఒకదానికి దెబ్బ పడినప్పుడు రెండవది తన ప్రక్కదానివలననే ఆపద వచ్చినదని తలచును. పని ముదిరిన పిదప గూడ హద్దు కలదు. 1965వ సంవత్సరపు భారవాహక పశువుల నిబంధనల ప్రకారము దినమునకు మొత్తము తొమ్మిది గంటలకు మించియు, విడువకుండ అయిదు గంటలకు మించియు పని చేయింపరాదు. వేడి 37 డిగ్రీలు దాటు చోట పగలు పండ్రెండు మొదలు మూడు గంటలవఱకు కట్టరాదు. మన రోహిణీకార్తె ఎండలు ఎఱిగినవారికి ఈ నిబంధన కఠినముగా తోచదు.

జత కుదిరినదని ఎట్లు తెలియును? రెండును ప్రక్కప్రక్కన పండుకొని నెమరు వేయును. ఒకటి మెడ చాపును, రెండవది ఆ మెడను, చెవి మూలమును నాకును. ఒకదానిని బయటికి తోలినచో రెండవది పిలుచును. కాడి ఎత్తి పట్టుకొన్నప్పుడు రెండవది తనంతట తాను వచ్చి మెడ పెట్టును. ఇవి కనబడుటకు నెల పట్టవచ్చును, రెండు నెలలు పట్టవచ్చును. కుదరని జతకు వేఱు గుర్తులు: ఒకటి చిక్కిపోవును, దాని డొక్కలమీద కొమ్ముగీతలుండును, కాడిలో రెండును వెలుపలికి ఎడముగా ఒరిగి లాగును, రాత్రులు ఒకటి పండుకొనక నిలిచియే యుండును. రెండు నెలలైనను ఈ గుర్తులు పోనిచో మార్చివేయుడు. పెట్టిన ధర పోవునని పంతముపట్టి ఏడాది లాగించినవారు తుదకు రెండు పశువులను పోగొట్టుకొనిరి.

ఇక ముందు మాట యిచ్చిన ఒంటి గేదె. నేడు మన పల్లెలలో పాలకేంద్రమునకు పాలు పోయు ఇండ్లు అనేకము, మందలు తక్కువ. బీడులు పోయినవి, మేతకు తోలుకొనిపోవు పసులకాపరి పోయినాడు. ఒక ముఱ్ఱా గేదెను కొని గోడప్రక్కన కట్టి, గోడనే చూచుచు నుండుమందుము. అది రోజంతయు అఱచుచున్నదని, చేపు సరిగా రాలేదని, ఇంటి ఇల్లాలు దప్ప ఎవ్వరు పాలు పిండబోయినను తన్నుచున్నదని చెప్పుదురు. దాణా మార్చి చూతురు, మందు వేసి చూతురు. తోడు మాట తలపునకు రాదు. ఇద్దఱు పొరుగువారు ఒక్కొక్క గేదెను వేఱువేఱు పెరళ్ళలో కట్టుకొనుటకు మారుగా ఒకే చావడిలో రెండింటిని కట్టి, ఎవరి మేత వారు వేసికొనవచ్చును. ఇట్లు చేసిన రెండిండ్లు మా వీధిలోనే యున్నవి. ఎవరు పేడ తీయవలెనను తగవు మాత్రము వారికింకను తెగలేదు.

రెండవ గేదెను కొనువారికి ఎడ్లకు చెప్పిన జాగ్రత్తలన్నియు వర్తించును. నిండుచూలుతో నెలలు నిండియున్న గేదె ప్రక్కకు ఆ దినములలో క్రొత్తదానిని తేవద్దు. ఈనిన పిదప చేపు కుదురుకొన్నాక తెండు. తెచ్చినదానిని సాయంకాలపు పితుకు వేళ కొట్టములోనికి దింపవద్దు. ప్రొద్దుటి పాలు తీసిన తరువాత, రెండింటికిని కడుపునిండ మేత వేసి, పగటి వెలుతురులో ఒకదానినొకటి చూచుకొననిండు. తొట్టి రెండవది ముందుగనే సిద్ధము చేసికొనుడు. పాతదాని తొట్టి ప్రక్కన కాదు, కొట్టము రెండవ మూలను.